అధిక ధర పిలిచిన పోటీ: జనపనార వర్తకం నేర్పుతున్న పాఠం

ధాన్యం, మిర్చి, పసుపు, పంచదార ఏదైనా కానీయండి, బజారులో మాట ఆ సరకు ధర గురించే జరుగుతుంది. ఆ సరకును మోసే గోనె సంచి ఖర్చు పద్దులో ఒక మూలన ఉండిపోతుంది. కాని ఆ గోనె చరిత్రను వరుసగా చూసుకుంటే, ప్రపంచ వాణిజ్యం ఒక ఊరిని ఎట్లా పైకి ఎత్తుతుందో, మరొక ఊరికి ఎట్లా తరలిపోతుందో, ఆ ఎత్తుపల్లాలలో వర్తకుడికి, మిల్లు యజమానికి, కూలికి, రైతుకు ఎవరి వాటా ఎంతో స్పష్టంగా తెలుస్తుంది.

ముందుగా గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి ఉన్నది. గోనెకు సొంత గిరాకీ లేదు. సంచిలో పోసే సరకుకు గిరాకీ ఉంటేనే సంచికి గిరాకీ. గోధుమ పంట బాగా పండితే గోనె ధర పెరుగుతుంది, కాఫీ ఎగుమతి తగ్గితే గోనె ధర పడుతుంది. ఇటువంటి సరకును అమ్మేవాడు కొనేవాడి అవసరం మీద ఆధారపడి ఉంటాడు. కొనేవాడికి అంతకంటె చౌకగా మరొకటి దొరికిన నాడు ఆ బేరం ముగిసినట్లే. జనపనార కథ అంతా ఈ ఒక్క సూత్రం మీద నడిచినది.

డండీకి కలిసివచ్చిన కాలం

స్కాట్లండు తూర్పు తీరంలోని డండీ పట్టణం మొదట అవిసెనార వస్త్రాలకు, తిమింగలాల వేటకు పేరు పొందినది. అవిసెనార ఎక్కువగా రష్యా నుంచి వచ్చేది. బెంగాల్ జనపనార చౌక, కాని పెళుసు. మరమీద వడికితే తెగిపోయేది. తిమింగలం నూనెను నీటితో కలిపి పట్టిస్తే నార మెత్తబడి మరకు లొంగుతుందని డండీ మిల్లులు 1830లలో కనుగొన్నవి. నూనె ఊళ్లోనే ఉన్నది, నేతలో చెయ్యి తిరిగిన పనివారు ఊళ్లోనే ఉన్నారు. జనపనార అక్కడ వేళ్లూనడానికి కారణం ఇదే.

తర్వాతి గిరాకీ అంతా దూరదేశాల సంఘటనల వల్ల వచ్చినది. తూర్పు దీవుల కాఫీకి డచ్చివారు జనపనార సంచులు కొనసాగారు. 1853 నుంచి 1856 వరకు సాగిన క్రిమియా యుద్ధంలో రష్యా నారకు ఆటంకం ఏర్పడి దాని ధర పెరిగినది. రష్యా నారకు అలవాటుపడిన కొనుగోలుదారులు జనపనారకు మారారు. 1861లో మొదలైన అమెరికా అంతర్యుద్ధం పత్తి సరఫరాను దెబ్బతీసి గోనె గుడ్డ గిరాకీని మరింత పెంచినది. యుద్ధాలు ముగిసిన తర్వాత కూడా పాత నారలు గోనె చోటును తిరిగి పొందలేదు.

ఈ వర్తకంలో మొదటి పాఠం ఇక్కడే ఉన్నది. రష్యా నార ధర పెరిగినప్పుడు జనపనార లాభపడినది. సరిగ్గా అదే దారిలో నూరేళ్ల తర్వాత జనపనార నష్టపడినది.

హుగ్లీ ఒడ్డుకు చేరిన మరలు

నార పండేది బెంగాల్‌లో, వడికేది వేల మైళ్ల దూరంలోని డండీలో. ఈ ఏర్పాటు ఎక్కువ కాలం నిలవలేదు. 1855లో కలకత్తాకు ఎగువన హుగ్లీ నది ఒడ్డున రిష్రాలో జార్జి ఆక్లండ్ మొదటి నూలు మరలను నెలకొల్పాడు. 1859లో బరానగర్ మిల్లులో మరమగ్గాలు నడవసాగినవి. ఆ మరలు డండీ నుంచి వచ్చినవే. వాటిని నడపడానికి వచ్చిన మేనేజర్లు, మేస్త్రీలు కూడా చాలామంది డండీ వారే. తన పోటీదారుకు యంత్రాలను, విద్యను డండీయే అమ్మినదన్నమాట.

పందొమ్మిదో శతాబ్ది ముగిసేసరికి హుగ్లీ మిల్లులు డండీని మించినవి. ముడిసరకు దగ్గర, రేవు దగ్గర, రాణీగంజ్ బొగ్గు దగ్గర, కూలి చౌక. విద్యుద్దీపాలు వచ్చిన తర్వాత మిల్లులు చీకటి పడినా ఆగనవసరం లేకపోయినది.

ఈ మిల్లులకు కూలీలు బెంగాల్ నుంచే కాక బీహారు, సంయుక్త రాష్ట్రాలు, ఒరిస్సాల నుంచి, అప్పటి మద్రాసు రాజధానిలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూడా వచ్చారు. టీటాగఢ్ వంటి మిల్లు పేటలలో తెలుగు కుటుంబాలు స్థిరపడినవి ఆ విధంగానే. పని ఇప్పించేది, తీసేసేది సర్దారు. అతనికి మామూలు ముట్టజెప్పితేనే పేరు హాజరు పట్టీలోకి ఎక్కేది. ఊళ్లో ఉన్న కాస్త భూమి, మిల్లులో వచ్చే కూలి రెండూ కలిస్తేనే ఆ కుటుంబం గడిచేది. మిల్లు మూతబడితే భారం మళ్లీ ఊళ్లోని ఆ కాస్త భూమి మీదే పడేది. తక్కువ కూలితో మిల్లులు నడవడానికి దూరపు పల్లెలలోని చెలకలు కూడా పరోక్షంగా పెట్టుబడి పెట్టినట్లయినది.

డండీలో మిల్లు పనివారిలో అత్యధికులు స్త్రీలు. మగపిల్లలను చిన్నతనంలో తక్కువ కూలికి పెట్టుకొని, పెద్ద కూలి ఇవ్వవలసిన వయసు రాగానే తీసివేసేవారు. భార్య మిల్లుకు వెళ్లగా భర్త ఇంట్లో ఉండిపోవడం ఆ ఊళ్లో ఎంత మామూలైనదంటే, అటువంటి మగవారిని టీ కెటిల్ కాచేవారని ఎగతాళిగా పిలిచేవారు. కలకత్తా పోటీ పెరిగినకొద్దీ డండీ యజమానులు ఆ పోటీనే చూపించి కూలి పెంచడానికి నిరాకరించారు. కలకత్తా కూలికేమో తన చౌకతనమే తన ఉద్యోగమైనది. రెండు ఊళ్ల కూలీలు ఒకరినొకరు ఎన్నడూ చూడలేదు. కాని ఒకరి కూలి రేటును మరొకరి కూలి రేటు నిర్ణయించినది.

డండీ పెట్టుబడిదారుల సంగతి వేరు. 1873లో రాబర్ట్ ఫ్లెమింగ్ అక్కడ స్కాటిష్ అమెరికన్ ఇన్వెస్ట్‌మెంట్ ట్రస్టును ప్రారంభించాడు. గోనెలో సంపాదించిన డబ్బు అమెరికా రైల్వే బాండ్లలోకి, భూములలోకి మళ్లినది. డండీ మిల్లు దిగజారినా డండీ డబ్బు దిగజారలేదు. పెట్టుబడి ఓడ ఎక్కి వెళ్లగలిగినది. మిల్లులోని నూలు పనివారు మాత్రం ఆ ఊళ్లోనే మిగిలిపోయారు.

ధర నిలబెట్టే ప్రయత్నం, దాని ఫలితం

హుగ్లీ మిల్లు యజమానులు 1884లో సంఘంగా ఏర్పడ్డారు. 1886 నుంచే పని గంటలు తగ్గించి ఉత్పత్తిని అదుపు చేసే ఒడంబడికలు మొదలైనవి. గోనె నిల్వలు పేరుకుంటే మగ్గాలు ఆపడం, ధర పుంజుకుంటే తిరిగి నడపడం వారి పద్ధతి. ప్రపంచ గోనె సరఫరాలో సింహభాగం ఒక నది ఒడ్డునే ఉన్నందువల్ల ఈ పద్ధతి చాలాకాలం పనిచేసినది.

1914 నుంచి 1918 వరకు సాగిన మొదటి ప్రపంచ యుద్ధంలో ఇసుక బస్తాలకు అంతులేని గిరాకీ ఏర్పడి మిల్లులు అంతకుముందెన్నడూ ఎరుగని లాభాలు పంచినవి. కొత్తవారు ఆ లాభాలను చూశారు. 1919లో బిర్లా, హుకుంచంద్ జూట్ మిల్లులు వెలిసినవి. అంతవరకు నారను, గోనెను సట్టాలో బేరమాడిన మార్వాడీ వర్తకులు మిల్లు యజమానులయ్యారు. పాత మిల్లులు గంటలు తగ్గించి ధరను నిలబెడుతుంటే, సంఘం బయట ఉన్న కొత్త మిల్లులు ఆ ధరకే పూర్తిగా అమ్ముకున్నవి. ఒడంబడికతో నిలబెట్టిన ధర ఒడంబడికలో లేనివాడికి లాభం చేకూర్చుతుందనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

1929లో పాత మిల్లులు వారానికి 54 గంటల పనిని 60 గంటలకు పెంచినవి. పెరిగిన గంటలకు తగిన కూలి విషయంలో వివాదం ముదిరి సమ్మె జరిగినది. అదే ఏడు చివర ప్రపంచ మాంద్యం దిగినది. 1931లో పని 40 గంటలకు తగ్గినది, నూటికి పదిహేను మగ్గాలకు సీలు వేశారు. వేలాది కూలీలు పేటలు విడిచి ఊళ్లకు మళ్లారు. ముడి జనపనార ధర సగానికి పైగా పడిపోయి తూర్పు బెంగాల్ రైతు అప్పులలో చిక్కుకున్నాడు. మిల్లుకు మగ్గాలు ఆపే వీలున్నది, వర్తకుడికి కొనుగోళ్లు ఆపే వీలున్నది. మార్చి నుంచి మే లోపు విత్తనం వేసిన రైతుకు ఆగే వీలు లేదు. జూలై, ఆగస్టులలో కోయవలసిందే, నీటిలో ఊరబెట్టవలసిందే, వచ్చిన ధరకు ఇవ్వవలసిందే.

గీత గీసిన సరిహద్దు

1947 విభజనలో మిల్లులన్నీ భారతదేశంలో ఉండిపోయినవి. మేలిరకం నార పండే పొలాలలో అధిక భాగం తూర్పు పాకిస్తాన్‌కు పోయినది. 1949 సెప్టెంబరులో పౌనుతో పాటు మన రూపాయి విలువ తగ్గించగా పాకిస్తాన్ తన రూపాయిని తగ్గించలేదు. ఒక్క రాత్రిలో పాకిస్తాన్ నార మన మిల్లులకు ప్రియమైనది, రెండు దేశాల మధ్య బేరాలు స్తంభించినవి.

దాని ఫలితం రెండు విధాలుగా కనిపించినది. తూర్పు పాకిస్తాన్ తన నారను తానే నేయడానికి సిద్ధపడి నారాయణ్‌గంజ్‌లో ఆదంజీ మిల్లు వంటి భారీ మిల్లులను కట్టినది. భారతదేశం అస్సాం, బీహారు, ఒరిస్సాలలో జనపనార సాగును, ఆంధ్ర ప్రాంతంలో గోగునార సాగును విస్తరించినది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతపు మెట్టపొలాల గోగునారకు గిరాకీ పెరగడానికి, ఎక్కడో జరిగిన రూపాయి మారకపు తగాదా కూడా ఒక కారణమన్నమాట. నెల్లిమర్ల, చిట్టివలస, ఏలూరు, గుంటూరు మిల్లుల చుట్టూ నార వర్తకులు, కాటా గుమాస్తాలు, హమాలీలు, బండ్లవారు జీవనం సాగించారు.

ప్లాస్టిక్ రాక

ఇటలీ శాస్త్రవేత్త గియూలియో నట్టా 1954లో పాలీప్రొపిలీన్‌ను తయారు చేశాడు. 1957లో అది కర్మాగారం నుంచి అమ్మకానికి వచ్చినది. ఆ రోజుల్లో గోనె వర్తకులకు అది పట్టించుకోవలసిన సరకుగా తోచకపోవడంలో ఆశ్చర్యం లేదు. అమెరికాలో తివాచీల అడుగుగుడ్డకు కావలసిన జనపనార వస్త్రం అప్పుడు మంచి గిరాకీలో ఉన్నది.

అయితే ఆ కొనుగోలుదారుకు మూడు ఇబ్బందులు ఉండేవి. పంటను బట్టి ధర ఏటా మారేది. ఓడ ఎప్పుడు చేరేదీ నిశ్చయం లేదు. ఎగుమతి సుంకం ఎప్పుడు పెరిగేదీ తెలియదు. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించినప్పుడు మన గోనె విదేశాలలో చౌక కావలసింది, కాని వెంటనే జనపనార వస్తువులపై ఎగుమతి సుంకం విధించడంతో ఆ మేలులో కొంత ఆవిరైనది. 1971లో బంగ్లాదేశ్ విముక్తి యుద్ధం అక్కడి సరఫరాకు అంతరాయం కలిగించినది. ప్లాస్టిక్ గుడ్డ కొంత ప్రియమైనప్పటికీ ధర స్థిరం, సరఫరా స్థిరం. తివాచీ మిల్లులు అటు మళ్లినవి.

1973లో చమురు ధర ఎగబాకినప్పుడు ప్లాస్టిక్ ముడిసరకు కూడా ప్రియమైనది. గోనెకు మళ్లీ మంచి రోజులు వచ్చినవని వర్తకులు ఆశించడం సహజమే. కొంత ఊరట లభించిన మాట నిజం. కాని తివాచీ మిల్లులు తిరిగి రాలేదు. ఒకసారి కొత్త మరలు కొని, కొత్త పద్ధతి నేర్చుకున్న కొనుగోలుదారు కొద్దినెలల ధర తేడా కోసం వాటిని మూలన పెట్టడు. మరొకవైపు ధాన్యాన్ని సంచులలో కాకుండా గుట్టగా ఓడలలోకి, గిడ్డంగులలోకి పోసే పద్ధతి పాశ్చాత్య దేశాలలో విస్తరించినది. అక్కడ గోనెను ప్లాస్టిక్ సంచి కూడా ఓడించలేదు, అసలు సంచి అవసరమే తీరిపోయినది.

డండీ జూట్ కంపెనీలలో కొన్ని 1960లలోనే స్వయంగా పాలీప్రొపిలీన్ నేతలోకి దిగినవి. దిగనివి మూతబడినవి. 1999లో డండీలో చివరి జనపనార నూలు మిల్లు ఆగిపోయినది. అంతకుమునుపే ఒక పాత మిల్లు అక్కడ మ్యూజియంగా మారినది.

చట్టం నీడలో గిరాకీ

ఎగుమతి గిరాకీ తగ్గిన తర్వాత భారత గోనె పరిశ్రమను నిలబెట్టినది స్వదేశ గిరాకీ, అందులోనూ ప్రభుత్వపు ఆహార ధాన్యాల సేకరణ. రైతుకు మద్దతు ధర ఇచ్చి కొనడానికి 1971లో జూట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడినది. 1980లో ఆరు మిల్లులను నడపడానికి ప్రభుత్వ కార్పొరేషన్ పుట్టినది. 1987లో కొన్ని సరకులను జనపనార సంచులలోనే నింపాలని పార్లమెంటు చట్టం చేసినది. సిమెంటు, ఎరువులు క్రమంగా ఆ నిబంధన నుంచి జారిపోయినవి. 2023–24 నాటి ఉత్తర్వు ప్రకారం ఆహార ధాన్యాలలో నూటికి నూరు, పంచదారలో నూటికి ఇరవై వంతులు గోనె సంచులలో నింపవలసి ఉన్నది.

ప్రభుత్వ లెక్కల ప్రకారం ఈ పరిశ్రమ మీద సుమారు 40 లక్షల రైతు కుటుంబాలు, మిల్లులలో నేరుగా మూడున్నర లక్షలకు పైగా పనివారు ఆధారపడి ఉన్నారు. కనుక చట్టం అనవసరమని తేలికగా అనడానికి వీలులేదు. అయితే చట్టం గిరాకీకి హామీ ఇవ్వగలదు గాని, ఆ గిరాకీ తీర్చగల ధరకు, సరఫరాకు హామీ ఇవ్వలేదు. ఈ సంగతి 2020 తర్వాత రుజువైనది.

2020 మే నెలలో ఆంఫన్ తుపాను బెంగాల్ చేలను దెబ్బతీసినది. పంట తగ్గి ముడి జనపనార ధర విపరీతంగా పెరిగినది. 2021–22కు మద్దతు ధర క్వింటాలుకు రూ. 4,500 కాగా బజారు ధర అంతకంటె ఎంతో పైన నడిచినది. 2021 సెప్టెంబరు చివర జూట్ కమిషనర్ క్వింటాలుకు రూ. 6,500 గరిష్ఠ ధరగా నిర్ణయించారు. ఆ ధరకు సరకు దొరకడం లేదని మిల్లులు మొరపెట్టుకున్నవి. పదికి పైగా మిల్లులు ఆగి, వేలాది కార్మికులు పని లేక కూర్చున్నారు. సంచుల కొరత ఏర్పడినప్పుడు ధాన్యానికి ప్లాస్టిక్ సంచులు వాడుకోవడానికి ప్రభుత్వమే సడలింపులు ఇవ్వవలసి వచ్చినది. 2022 మే 20న గరిష్ఠ ధరను ఎత్తివేశారు.

1854లో రష్యా నారకు జరిగినదీ, 1960లలో తివాచీ గుడ్డకు జరిగినదీ, 2021లో ధాన్యం సంచికి జరిగినదీ ఒక్కటే. ధర శిఖరానికి చేరిన రోజునే కొనుగోలుదారు వేరే తలుపు తట్టాడు.

సరిహద్దు అవతల కూడా పనివారి పరిస్థితి సుఖంగా లేదు. ఆదంజీ మిల్లును 2002 జూన్ 30న మూసివేశారు. 2020 జూలైలో బంగ్లాదేశ్ ప్రభుత్వం తన ఆధీనంలోని మిల్లులన్నిటినీ ఆపివేసినది. అదే సమయంలో అక్కడి ప్రైవేటు మిల్లుల నూలు, గోనె మన దేశానికి చౌకగా చేరుతూనే ఉన్నవి. 2017 జనవరిలో భారతదేశం బంగ్లాదేశ్, నేపాల్ గోనె వస్తువుల మీద డంపింగ్ వ్యతిరేక సుంకం విధించినది. ఒకప్పుడు డండీ యజమానులు కలకత్తా గోనె మీద సుంకం కోరిన తీరులోనే ఈనాడు కలకత్తా యజమానులు ఢాకా గోనె మీద సుంకం కోరుతున్నారు.

ఉత్తరాంధ్రలో చిట్టివలస మిల్లు 2009లో మూతబడినది. గోగునార చేలు చాలావరకు మొక్కజొన్నకు, ఇతర పంటలకు మారినవి. చెరువులో నీరు లేనిదే నార ఊరదు. ఊరిన నారను నడుము లోతు నీటిలో నిలబడి ఒలిచే కూలి దొరకడం కష్టమైనది. మిల్లు ఉంటే రైతుకు బేరం, రైతు ఉంటే మిల్లుకు నార. ఒకటి తగ్గితే రెండవది తగ్గక తప్పదు.

నష్టం పంచుకున్న తీరు

ఈ మొత్తం చరిత్రలో నలుగురికి నష్టం వచ్చినది, కాని నష్టం నుంచి బయటపడిన వేగం ఒకేలా లేదు. వర్తకుడు ఒక సీజనులో బయటపడగలడు. నిల్వ అమ్ముకొని, మరుసటి నెల ప్లాస్టిక్ సంచుల ఏజెన్సీ తీసుకోగలడు. మిల్లు యజమానికి కొన్నేళ్లు పడుతుంది. మరలు, స్థలం అమ్ముకొని మరో వ్యాపారంలో దిగగలడు. రైతుకు కొత్త పంట నేర్చుకోవడానికి, దానికి బజారు చూసుకోవడానికి రెండు మూడు పంటకాలాలు కావాలి. కార్మికుడికి ఒక తరం పడుతుంది. అతని చేతి నైపుణ్యం ఆ మగ్గానికే చెల్లుతుంది. అతని ఇల్లు మిల్లు పేటలోనే ఉంటుంది. రావలసిన గ్రాట్యుటీ, భవిష్యనిధి లెక్కలు తేలేసరికి వయసు మీరిపోతుంది.

దీనిని దయాధర్మాల సంగతిగా మాత్రమే చూస్తే వర్తకులు పొరపడినట్లే. మిల్లు పేటలో జీతాలు ఆగిన నెలలో ఆ ఊరి కిరాణా, బట్టల బజారు కూడా మందగిస్తుంది. అరువు పద్దులు వసూలు కావు. కార్మికుని నష్టం చివరకు దుకాణం ఖాతా పుస్తకంలోకే వచ్చి చేరుతుంది.

వర్తకులు గమనించవలసినవి

ఒకటి: మరొక సరకు మీద ఆధారపడిన సరకును కొనేటప్పుడు దాని పంట లెక్కలతో పాటు, దానిని వాడే పరిశ్రమ ఏ కొత్త మరలు కొంటున్నదో కూడా విచారించాలి. బేరం తప్పిపోయే ముందు కనిపించే మొదటి గుర్తు అదే.

రెండు: ధర పెరుగుదలను ఒక్కటే చూడకూడదు, ధర ఊగిసలాటను చూడాలి. తివాచీ మిల్లులు గోనెను విడిచినది ప్రియమైనందుకు మాత్రమే కాదు, రేపటి ధర తెలియనందుకు కూడా. స్థిరమైన ధరకు, చెప్పిన తేదీకి సరకు అందించే వర్తకుడు తన లాభంతో పాటు తన సరకు బజారును కూడా కాపాడుకుంటాడు.

మూడు: కొరత రోజుల్లో సరకు దాచి ధర ఎగదోయడం ఒక సీజను లాభం. దానివల్ల ప్రత్యామ్నాయానికి అనుమతి లభిస్తే అది శాశ్వత నష్టం.

నాలుగు: చట్టం వల్ల నిలిచిన గిరాకీని సొంత బలంగా లెక్కించరాదు. ఆ ఉత్తర్వు ఏటా సమీక్షకు వస్తుంది. ఆ కాలాన్ని సంచి బరువు, నాణ్యత, ఖర్చు సరిదిద్దుకోవడానికి ఇచ్చిన గడువుగా భావించాలి.

గోనె నేలలో కలిసిపోతుంది, ప్లాస్టిక్ కలవదు. ఈ కారణంగా విదేశాలలో జనపనార సంచులకు మళ్లీ కొంత ఆదరణ కనిపిస్తున్నది. ఇది మంచి అవకాశమే. అయితే ఈసారి కూడా కొనేవాడు చూసేది ధర, తేదీ, నాణ్యత మూడింటినే. ఆ మూడింటిలో మాట తప్పితే అతను వెతుక్కునే తలుపు ఎక్కడ ఉన్నదో నూట డెబ్బయి ఏళ్ల లెక్కల పుస్తకంలో రాసే ఉన్నది.